లంకల్లో జింకల్ని నేల మీద కూర్చుని చూడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గోదావరి పాయలుగా చీలి, దారి పొడుగునా లంకలు, అంటే ఏటి మధ్య దీవులు, వదులుతూ సముద్రంలోకి పోతుంది. ఆ లంకల్లో కొన్నిటి మీద, రెల్లులో జింకలు తిరుగుతున్నాయన్న సంగతి చాలామందికి వరదలొచ్చినప్పుడే గుర్తొస్తుంది. మిగతా రోజుల్లో వాటిని చూద్దామనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. మంచె కట్టకుండా, గుడారం వేయకుండా, అక్కడున్న దుబ్బు చాటునో మోడు చాటునో నేల మీదే కూర్చుని చూడటం గురించే ఇదంతా.

ఇది వేట గురించా?

కాదు. చాటున కూర్చోవడం, గాలివాటం చూసుకోవడం, కదలకుండా ఉండటం అన్నీ వేటగాళ్ల దగ్గర పుట్టిన విద్యలే, అందులో దాచేదేం లేదు. కానీ చేతిలో ఉండాల్సింది బైనాక్యులర్స్, కెమెరా, అంతే. మన దేశంలో సరదా వేటకు లైసెన్సు అనేదే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 వేటను నిషేధించింది. ఆ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు: పట్టుకోవడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, వాటి కోసం తరమడం, ఇవి చేయబోవడం కూడా వేటే. విల్లు పట్టుకుని పొదలో కూర్చుని "ఇంకా బాణం వేయలేదు కదండీ" అంటే కుదరదు.

కృష్ణజింక ఆ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలో ఉంది, పైగా మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఆ షెడ్యూలు జంతువును వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. అది అభయారణ్యంలో ఉందా, మీ సొంత అరటితోటలో ఉందా అన్న తేడా లేదు. మాంసం ఇంట్లో దొరికినా కేసే. పండక్కి "అడవి మాంసం వచ్చింది, ఓ కిలో పంపమంటారా" అని ఎవరైనా అడిగితే వద్దని చెప్పేయండి.

జింకలు మా పంట తింటున్నాయి. అప్పుడు?

అటవీ శాఖకు రాసి ఇవ్వండి, నష్టం ఫోటోలు తీసి పెట్టుకోండి. పందుల విషయంలోనూ అంతే. సొంతంగా ఉచ్చులు పెట్టడం, కరెంటు తీగ లాగడం నేరం, ప్రమాదం కూడా. ఆ తీగ గురించి కింద మళ్లీ చెప్తాం.

మా తమ్ముడు అమెరికాలో లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్తాడు. వాడి కిటుకులు ఇక్కడ పనికొస్తాయా?

కొన్ని పనికొస్తాయి. అక్కడి తెల్లతోక జింకకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం సీజన్ ప్రకటించి, లైసెన్సు ఇచ్చి, ఎన్ని కొట్టొచ్చో చెప్పి వదులుతుంది. తుపాకీ సీజన్లో చాలా రాష్ట్రాల్లో నారింజ రంగు జాకెట్ వేసుకోవాల్సిందే, ఒక వేటగాడు ఇంకో వేటగాడిని జింక అనుకోకుండా. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం మీద అక్కడి ఫెడరల్ చట్టంలో ఆంక్షలున్నాయి. అవి మీ తమ్ముడు సరిగ్గా చదువుకోవాలి.

విల్లుతో వేటాడేవాళ్లు జింక ఇరవై ముప్ఫై మీటర్ల లోపలికి వచ్చేదాకా ఆగాలి. అంత దగ్గరకు రావాలంటే మనిషి ఉన్నట్టే తెలియకూడదు. అందుకే వాళ్లు కూలిన చెట్టు వేళ్ల ముద్దకు వీపు ఆనించి, ఎదురుగాలిలో, నీడలో కూర్చుంటారు. ఈ మూడూ మన లంకల్లో అక్షరాలా పనిచేస్తాయి.

పనికిరానివి కూడా ఉన్నాయి. జింక మూత్రం సీసాలు, నోటితో ఊదే పిలుపులు, మొక్కజొన్న గింజల ఎర, ఇవేవీ ఇక్కడ వద్దు. ఎర వేసి అలవాటు చేసిన జింక రేపు ఉచ్చు పెట్టేవాడి దగ్గరికి కూడా అలాగే నడిచి వెళ్తుంది. పైగా ఇరవై మీటర్లు మనకు అక్కర్లేదు. ఎనభై, వంద మీటర్ల నుంచి, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 బైనాక్యులర్స్‌లో దాని కనురెప్పలు కూడా కనిపిస్తాయి.

మంచె ఎక్కితే ఇంకా బాగా కనపడుతుంది కదా?

కనపడుతుంది. మీ వాసన కూడా జింక తల మీదుగా పోతుంది, అదొక లాభం. కానీ లంకల్లో మనకు కావాల్సిన చోట పెద్ద చెట్టు ఉండదు. పొలం మంచె రైతుది, ఆయన పంట కాపలాకు కట్టుకున్నది. కొత్తగా ఏదైనా నిలబెట్టామా, వారం రోజులు ఆ చుట్టుపక్కలకు జింక రాదు. వచ్చేసరికి ఇంకెవరో ఆ మంచెను వాడుకుంటారు. నేల మీద కూర్చుంటే లేచి వచ్చేశాక అక్కడేమీ మిగలదు. ఫోటో కూడా జింక కంటి ఎత్తులో వస్తుంది.

సరే, చాటు ఎలా ఎంచుకోవాలి?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. చాటు అనగానే ముందు అడ్డం వెతుకుతారు. ఓ పొద దొరుకుతుంది, దాని వెనక కూర్చుని ఆకుల సందులోంచి తొంగి చూస్తారు. వెనక ఖాళీ ఆకాశం. తల కదిలిన ప్రతిసారీ ఆ ఆకాశం మీద నల్లగా కదులుతుంది. జింక పట్టుకునేది ఆ కదలికనే, ఆ తలాభుజాల ఆకారాన్నే. వీపు వెనక ముదురుగా, మీకంటే వెడల్పుగా, మీకంటే ఎత్తుగా ఏదైనా ఉంటే ముందు మోకాలెత్తు గడ్డి ఉన్నా సరిపోతుంది. ఒక్కటే కుదిరితే వెనకదే ఎంచుకోండి.

మన డెల్టాలో దొరికే చాట్లు మా అంచనాలో ఇలా ఉంటాయి.

వరదకు కొట్టుకొచ్చి ఇసుకలో దిగబడిన మోడు అన్నిటికంటే మేలు. వేళ్లముద్ద మనిషికంటే ఎత్తుగా, ముదురు రంగులో, ఎటు చూసినా వంకరటింకరగా ఉంటుంది. అందులో మనిషి ఆకారం కలిసిపోతుంది. నెలల తరబడి అక్కడే పడి ఉన్నది కాబట్టి జింకలకు అలవాటైపోయింది. ఒక్కటే జాగ్రత్త: కూర్చునే ముందు కర్రతో వేళ్ల సందులన్నీ తట్టండి.

రెల్లు దుబ్బు చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. దసరా ముందు పూతతో తెల్లగా ఊగుతున్నప్పుడు పచ్చిగా, మెత్తగా ఉంటుంది కూడా. సంక్రాంతికల్లా ఎండిపోతుంది, ఆపైన మీరు మోచెయ్యి కదిపినా గరగరలాడుతుంది. ఎండు రెల్లులో కూర్చోవాలంటే కూర్చునే చోట రాలిన ఆకును చేత్తో పక్కకు జరిపి, ఒట్టి ఇసుక మీద గోనెసంచి వేసుకోండి. దుబ్బు మధ్యలోకి దూరకండి, దాని నీడపక్క అంచున కూర్చోండి. దుబ్బు మధ్యలో జింకే పడుకుని ఉండొచ్చు.

తాటిచెట్టు మొదలు ఒంటరిగా ఉంటే సన్నం, పనికిరాదు. చుట్టూ పిల్లతాళ్లు మొలిచి ఉంటే అదే మంచి చాటు. ఈతదుబ్బు కూడా బాగానే ఉంటుంది, ముళ్లు ఓర్చుకోగలిగితే. మొగలిపొద జోలికి పోకపోవడం మంచిది. మొగలి వాసనకు పాములొస్తాయంటారు. వాసన సంగతి అలా ఉంచి, అంత చిక్కటి ముళ్లపొదలో ఎలుకలుంటాయి, ఎలుకలున్న చోట పాములుంటాయి.

సముద్రం వైపు సరుగుడు తోటల్లో రాలిన సరుగుడు ఆకు పరుపులా ఉండి చప్పుడు చేయదు. కానీ చెట్లు వరసగా, సన్నగా ఉంటాయి, వీపుకు ఏదీ ఆనదు. రెండు వరసలు వెనక్కి జరిగి నీడలో కూర్చోవాలి. అరటితోట అంచు నీడకు బాగుంటుంది. ఎండాకు గాలికి కొట్టుకుంటూ మీ చప్పుడును కూడా కప్పేస్తుంది.

ఏటి గట్టు కోతకు గురై నిలువుగా దిగిన చోటు మాత్రం వద్దు. కింద కూర్చుంటే వెనక గోడలా ఉందని ముచ్చటేస్తుంది. ఒండ్రుమట్టి గట్టు చెప్పకుండా విరిగి పడుతుంది.

గాలి సంగతి ఏమిటి? అంత ముఖ్యమా?

చాటు కంటే ముఖ్యం. కన్ను మోసపోతుంది, చెవి పొరబడుతుంది, ముక్కు పొరబడదు. మీ వాసన జింక వైపు పోతుంటే మీరు ఎంత గొప్ప మోడు చాటున ఉన్నా లాభం లేదు. గాలి జింక మీంచి మీ మీదికి రావాలి.

మన డెల్టాలో దీనికి ఒక సౌకర్యం ఉంది. చలికాలం, ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు, అంటే పడమర, వాయవ్యం నుంచి మెల్లగా వీస్తుంది. ఎండెక్కాక తిరగబడి సముద్రం మీంచి, తూర్పు, ఆగ్నేయం నుంచి వస్తుంది. ఇప్పుడు సూర్యుణ్ణి కలిపి చూడండి. ఉదయం మీరు బయలుకు తూర్పు పక్కన కూర్చుని పడమర చూస్తే గాలి ఎదురు, ఎండ వెనక. సాయంత్రం పడమటి పక్కన కూర్చుని తూర్పు చూస్తే మళ్లీ గాలి ఎదురు, ఎండ వెనక. ఎండ వెనకుంటే మీకు వెలుగు, దాని కళ్లకు మిరుమిట్లు. ఉదయం తూర్పు గట్టు, సాయంత్రం పడమటి గట్టు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

అయితే దీన్ని గుడ్డిగా నమ్మకండి. అమలాపురం దిగువన సముద్రపు గాలి మధ్యాహ్నానికే అందుకుంటుంది, ధవళేశ్వరం దగ్గరికి ఆలస్యంగా చేరుతుంది. ముసురు పట్టిన రోజున ఈ లెక్కలేవీ ఉండవు. జేబులో చిన్న డబ్బాలో కట్టెల బూడిదో, బూరుగు దూదో పెట్టుకోండి. చిటికెడు వదిలితే ఎటు పోతోందో తెలుస్తుంది. దూది ఇంకా నయం, ఇరవై అడుగుల అవతల గాలి ఎటు తిరిగిందో కూడా చూపిస్తుంది. మొహానికి రాసుకునే పౌడరు వద్దు, దాని వాసనే ఊరంతా పోతుంది.

ఇంకో సంగతి. తెల్లవారుజామున చల్లగాలి బరువుగా ఉండి పల్లానికి, అంటే ఏటి వైపు జారుతుంది. జింకలు నీళ్ల దగ్గరికి దిగే దారికి పైన మీరు కూర్చుంటే, ఆకు కదలని రోజున కూడా మీ వాసన వాటి దగ్గరికి దిగిపోతుంది.

గాలి తిరిగిపోతే ఏం చేయాలి?

లేచి వచ్చేయండి. అటూ ఇటూ మారి చూద్దామంటే ఆ పూటే కాదు, రేపు కూడా పోతుంది.

దోమల క్రీము రాసుకోవచ్చా? బీడీ?

బీడీ, సిగరెట్, కిళ్లీ వద్దు. తలకు ఘాటు నూనె, నుదుటికి బామ్, చంకలకు స్ప్రే వద్దు. దోమల సంగతి మాత్రం నిజమైన తలనొప్పే. క్రీము రాసుకోకపోతే నిమిషానికోసారి చెయ్యి విదిలిస్తారు, ఆ కదలిక క్రీము వాసన కంటే చెడ్డది. నిండు చేతుల చొక్కా, సాక్సుల్లోకి దోపిన ప్యాంటు, మెడకు, మొహానికి పలచటి తువ్వాలు చుట్టుకుని, బయట మిగిలిన చేతులకు మాత్రమే క్రీము రాసుకోండి. గాలి ఎదురుగా ఉంటే ఆ వాసన మీ వెనక్కే పోతుంది కదా.

ఆకుల బొమ్మల బట్టలు కొనాలా?

అక్కర్లేదు. జింక కంట్లో రంగుల్ని పట్టే కణాలు రెండు రకాలే, మనకు మూడు. ఎరుపు, నారింజ దానికి మనకు కనిపించినంత కొట్టొచ్చినట్టు కనిపించవు. నీలం బాగా కనిపిస్తుంది. కాబట్టి ఇబ్బంది జీన్స్ ప్యాంటుతో, నీలం మందు పెట్టిన తెల్ల లుంగీతో. బట్టలు తళతళలాడించే సబ్బు పొడుల్లో ఉండే పదార్థం మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పీల్చి నీలి వెలుగుగా వదులుతుంది. ఆ సబ్బుతో ఉతికిన ఆకుపచ్చ చొక్కా కూడా తెల్లవారుజామున దాని కంటికి మెరుస్తుంది. పాత ఖాకీ, మట్టిరంగు, వెలిసిపోయిన ఆకుపచ్చ బట్టల్ని మామూలు సబ్బుతో ఉతికి నీడన ఆరేసుకోండి. వాచీ అద్దం, ఉంగరం, గొలుసు లోపల పెట్టుకోండి. మొహం, చేతులే అన్నిటికంటే ఎక్కువ కదిలేవి, ఎక్కువ కనపడేవి, తువ్వాలు వాటికోసమే.

ఎంతసేపు కదలకుండా కూర్చోవాలి? మధ్యలో జింక నన్ను చూస్తే?

వెలుగు రాకముందే కూర్చుని, ఎండ చురుక్కుమనేదాకా. రెండు మూడు గంటలు అనుకోండి. బాసింపట్టు వేసుకుంటే పావుగంటలో కాళ్లు తిమ్మిరెక్కుతాయి. చిన్న పీటో, మడిచిన గోనెసంచో వేసుకుని, కాళ్లు కొంచెం చాపి, వీపు ఆనించండి. బైనాక్యులర్స్ మెడలో వేలాడనివ్వకుండా మోకాళ్ల మీద పెట్టుకుంటే ఎత్తాల్సిన దూరం తగ్గుతుంది. ఫోను సైలెంట్ చాలదు. తెల్లవారని చీకట్లో దాని వెలుగు మీ మొహాన్ని దీపంలా చూపిస్తుంది, కాబట్టి ఆఫ్ చేయండి. దగ్గు వచ్చే గుణం ఉంటే పటికబెల్లం ముక్క నోట్లో పెట్టుకోండి.

జింక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు 300 డిగ్రీల మేర చూస్తుంది. మేస్తున్నంత మాత్రాన మిమ్మల్ని చూడట్లేదనుకోకండి. తల ఎత్తి చెవులు మీవైపు తిప్పితే ఊపిరి కూడా నెమ్మదిగా తీయండి. ఒక్కోసారి తల దించినట్టు దించి ఠక్కున ఎత్తుతుంది, అది మిమ్మల్ని పరీక్షించడం. ముందుకాలితో నేలను తన్నినా అంతే, అనుమానం వచ్చిందన్నమాట. కళ్లలోకి సూటిగా చూడకుండా, రెప్పలు సగం వాల్చి ఉండండి. తోక ఊపి మళ్లీ మేతకు దిగితే గండం గడిచినట్టే. దుప్పులైతే కీచుమని ఒక్క అరుపు అరుస్తాయి, కృష్ణజింకలు ఒకదాని వెనక ఒకటి గాల్లోకి ఎగిరి దూకుతాయి. ఆ తర్వాత ఆ పూటకు అక్కడ కూర్చోవడం అనవసరం.

జింక కంటే ముందు మిమ్మల్ని పట్టించేది తీతువు పిట్ట. ఇసుకలో నడుస్తుంటే ఎక్కడి నుంచో లేచి నెత్తి మీద తిరుగుతూ అరుస్తూనే ఉంటుంది, ఆ అరుపుకు అర కిలోమీటరు అవతల మేసేవి కూడా తలెత్తుతాయి. తీతువు లేచిందంటే అక్కడే ఆగి, అది సద్దుమణిగేదాకా కూర్చుండిపోవాలి. మాఘం దాటాక ఇసుక మీద తీతువులు, రేవు పిట్టలు గుడ్లు పెడతాయి. గుడ్లు అచ్చం గులకరాళ్లలాగే ఉంటాయి. అడుగు చూసి వేయండి. గూళ్లను, గుడ్లను చెడగొట్టడం కూడా చట్టంలో వేట కిందికే వస్తుంది.

నాలుగు కొమ్మలు నరికి ముందు నాటుకుంటే తప్పేంటి?

నరికిన కొమ్మ పచ్చి వాసన వేస్తుంది, మధ్యాహ్నానికి వాడిపోయి రంగు మారుతుంది. రోజూ ఆ దారిన వచ్చే జింకకు నిన్న లేని పొద ఇవాళ కనిపిస్తే చుట్టు తిరిగి పోతుంది. రాలిన తాటాకు, ఒడ్డున పడి ఉన్న ఎండు కొమ్మలు ఒకటో రెండో ముందు ఆనించుకుంటే ఫర్వాలేదు, వెళ్లేటప్పుడు తీసేయండి.

కోరంగి, భైరవపాలెం వైపు మడ అడవుల్లో అయితే కొమ్మ విరవడం ఒంటికి కూడా మంచిది కాదు. అక్కడ తిల్ల చెట్టు ఉంటుంది. ఆకు తుంచినా, కొమ్మ విరిచినా పాలు కారతాయి. ఆ పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి, కంట్లో పడితే కొంతకాలం చూపే పోవచ్చు. కోరంగి 1978 నుంచి అభయారణ్యం, కొమ్మ విరవడం నేరం అన్నది ఎలాగూ ఉంది. పొరపాటున పాలు కంట్లో పడితే మంచినీళ్లతో చాలాసేపు కడిగి, నలపకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. దురదగొండి సంగతి గోదావరి వాళ్లకు చెప్పక్కర్లేదు. పొదలో ఆ తీగ కాయలతో కనిపిస్తే ఇంకో పొద చూసుకోండి.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

కార్తీకం వెళ్లాక నుంచి ఫాల్గుణం దాకా. ఏరు తగ్గి ఇసుక బయటపడుతుంది, లంకకు పడవ సులువు. ధనుర్మాసంలో ఏటి మీద మంచు కమ్మేస్తే ఎనిమిదింటి దాకా ఏమీ కనపడకపోవచ్చు, ఓపిక ఉండాలి. జనవరిలో పొద్దు ఆరున్నర ప్రాంతంలో పొడుస్తుంది, ఆరుకల్లా కూర్చుని ఉండాలి. వేసవిలో నీళ్ల కోసం జింకలు ఒకే చోటికి వస్తాయి కానీ ఆ ఎండలో, ఆ ఇసుకలో కూర్చోవడం మీ వల్ల అవుతుందో లేదో చూసుకోండి. జులై నుంచి వరదల కాలం, లంకల వైపే వెళ్లొద్దు.

నేల మీద కూర్చుంటే పాముల భయం లేదా?

ఉంది, ఉండాలి కూడా. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ డెల్టాలో ఉన్నాయి. చీకట్లో నడిచేటప్పుడు టార్చి నేల మీదికే వేసుకోండి, చీలమండలు దాటిన బూట్లు వేసుకోండి. కూర్చునే చోటును ముందురోజు పగలే చూసి పెట్టుకుంటే సగం భయం పోతుంది. ఎండుగడ్డి పోగులో, మట్టలు కుప్పబోసిన చోట చెయ్యి పెట్టొద్దు.

కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కాలు కదపకుండా, ఉంగరాలు, మెట్టెలు తీసేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, వాపు ఉండదు. రెప్పలు వాలిపోతుంటేనే తెలుస్తుంది. "ఏం కాలేదులే" అని ఇంటికి వెళ్లి పడుకోకండి.

పాముల కంటే జనం పట్టించుకోనిది స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. తిరిగొచ్చిన వారం, పది రోజుల్లో జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు కనిపిస్తే డాక్టరుకు పొదల్లో కూర్చున్న సంగతి చెప్పండి. చెప్తే మామూలు మందులతో తగ్గిపోతుంది, చెప్పకపోతే టైఫాయిడ్ అనో మలేరియా అనో రోజులు గడిచిపోతాయి. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో వేసి, ఒళ్లు రుద్ది స్నానం చేయండి.

ఎవరి అనుమతి తీసుకోవాలి?

లంకలో సాగు చేసుకునే రైతును అడగడం మొదటి పని. పొగాకో, అరటో, కూరగాయలో వేసుకున్న మనిషి చీకట్లో తన చేలో ఎవరో పాకుతుంటే ఊరుకోడు. ముందురోజు సాయంత్రం వెళ్లి "బాబాయ్ గారండీ, పొద్దున్నే మీ గట్టు మీద కాసేపు కూర్చుని జింకల్ని చూస్తామండి, ఏమీ ముట్టుకోమండి" అంటే, చాలాసార్లు "ఆయ్, దానికేం భాగ్యం" అనేసి, ఏ దారిన దిగుతాయో కూడా ఆయనే చెప్తాడు. జింకల దారులు ఆయనకు తెలిసినంత మనకు పదేళ్లకు కూడా తెలియవు.

ఇదే మాటలో కరెంటు తీగ ఎక్కడైనా ఉందా అని కూడా అడగండి. పందుల కోసం రాత్రిళ్లు గట్ల వెంబడి తీగ లాగేవాళ్లున్నారు, దాని మీద పడి మనుషులే పోతున్నారు. గట్టు మీద తీగ కనిపిస్తే దాటబోకండి, వెనక్కి రండి. ఉచ్చు కనిపిస్తే చోటు గుర్తు పెట్టుకుని, ఫోటో తీసి అటవీ శాఖకు చెప్పండి; పెట్టినవాడితో గొడవకు దిగకండి.

కోరంగి, పాపికొండలు లాంటి రక్షిత ప్రాంతాల్లోకి వెళ్లడానికి, ఫోటోలు తీయడానికి అటవీ శాఖ అనుమతి ఉండాలి, అక్కడ మీకు నచ్చిన చోట చాటున కూర్చోవడం కుదరదు, సిబ్బంది చెప్పిన చోటే. పడవ మనిషితో తిరుగు ప్రయాణం టైము ముందే మాట్లాడుకోండి. చీకటి పడ్డాక ఏరు దాటాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఫోనుతో ఫోటో వస్తుందా?

వంద మీటర్ల జింక ఫోనులో ఆవగింజంత వస్తుంది. బైనాక్యులర్స్ కంటిగుంటకు ఫోను ఆనించి తీస్తే గుర్తుకు సరిపోయే బొమ్మ వస్తుంది, అది చాలు. కెమెరా ఉంటే షట్టర్ చప్పుడు ఆపేసే మోడ్‌లో పెట్టండి, ఫ్లాష్ తీసేయండి. డ్రోన్ వద్దే వద్దు. ఇంకో మాట: చోటు పేరు పెట్టి ఫోటో ఆన్‌లైన్‌లో వేయకండి. లొకేషన్ ఆపేసి, "గోదావరి లంక" అంటే చాలు. చూసేవాళ్లలో ఉచ్చు పెట్టేవాళ్లూ ఉంటారు.

జింక రాకపోతే పూట దండగేనా?

చాటున కూర్చున్నవాడికి దండగ పూట ఉండదు. నక్కలు గట్టు వెంబడి ఇంటికి పోతుంటాయి. నీటికుక్కలు గుంపుగా ఒడ్డెక్కి ఇసుకలో దొర్లుతాయి. లకుముకి పిట్ట మీ మోడు మీదే వచ్చి వాలుతుంది, గరుడ పక్షి నీళ్ల మీద వంగి చేపను ఎత్తుకుపోతుంది, నత్తగొట్టు కొంగలు పొలంలో వరస కడతాయి. మడ అడవి వైపు కూర్చునే అవకాశం దొరికితే, పాటు తీసి బురద బయటపడ్డ వేళ చూసుకోండి. పోటుపాట్లు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటాయి కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. బావురుపిల్లి కోరంగిలో ఉంది గానీ అది రాత్రి తిరిగే జంతువు, దాని మీద ఆశ పెట్టుకుని వెళ్లకండి.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

పదేళ్లు దాటినవాళ్లనైతే, ఒక గంటకు. అంతకంటే చిన్నవాళ్లను సాయంత్రం కాలువగట్టు మీద కొంగల్ని చూడటానికి తీసుకెళ్లండి, వాళ్లకూ అదే ఇష్టం.

వరద రోజుల్లో జింక ఊళ్లోకి ఈదుకొస్తే ఏం చేయాలి?

లంక మునిగితే జింకలు గట్టెక్కడానికి ఈదుతాయి, ధవళేశ్వరం చుట్టుపక్కల ఊళ్లకు ఇది కొత్త కాదు. ఒడ్డుకు చేరిన జింకను నీళ్లు చంపవు. కుక్కలు, జనం, భయం చంపుతాయి. చుట్టూ మూగి సెల్ఫీలు తీస్తుంటే గుండె ఆగిపోయే జంతువు అది. ముందు కుక్కల్ని కట్టేయండి, జనాన్ని వెనక్కి పంపండి. తాళ్లు వేసి లాగడం, చేతులతో ఎత్తడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. అటవీ శాఖకు, కుదరకపోతే పంచాయతీకో పోలీసులకో ఫోన్ చేయండి. అది ఏ తోటలోకో దూరితే ఆ తోట వైపు రాకపోకలు ఆపేయండి, కళ్లకు కనపడకుండా దూరంగా ఒకరిద్దరు కాపలా ఉండండి. చాలాసార్లు సిబ్బంది వచ్చేలోపే అది ఊపిరి తీసుకుని, చీకటి పడ్డాక తన దారి తాను చూసుకుంటుంది; అలా పోయినా ఎటు వెళ్లిందో సిబ్బందికి చెప్పండి.